మాట రాయి

తలుపు సందులో చెయ్యి పెట్టించి తలుపు మూశారు. ఒకసారి మూసి ఊరుకోలేదు. మొదటిసారి కుర్రాడు అరిచాడు. రెండోసారి అరవడానికి ఊపిరి చాల్లేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు మూశారో వాడికే తెలియదు. యూనివర్సిటీ ఆసుపత్రిలో వాడి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని డైరెక్టరు మేడం ఇదంతా వింది. వాడు చెబుతున్నంతసేపూ ఆమె వాడి మొహంలోకి కాకుండా దుప్పటి అంచుకేసి చూస్తూ ఉండిపోయింది.

"ఎందుకు కొట్టారు నాన్నా?"

"అసైన్‌మెంటు రాయనన్నాను మేడం. వారం వారం వాళ్ళవి నేనే రాస్తున్నాను. నాకూ పరీక్షలున్నాయన్నా అన్నాను. రాయనప్పుడు ఇక ఈ చెయ్యెందుకురా నీకు అన్నాడు."

"ఎవరు?"

వాడు ఆమెకేసి వింతగా చూశాడు. కింది పెదవి చిట్లి వాచిపోయి ఉంది. "మీరిచ్చిన అన్నే మేడం," అన్నాడు.

ఆమె ఇచ్చిన అన్న అంటే వాలీబాల్ కెప్టెన్. ఇంటిల్లిపాదిలో మొదటిసారి చదువు గడప తొక్కి వచ్చిన పిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కో సీనియర్‌ని తోడుగా అప్పజెప్పే ఏర్పాటు ఆమెదే. సమాన అవకాశాల విభాగం అని ఆమె గది మీద ఇత్తడి బోర్డుంది గానీ పిల్లలు దాన్ని అందరి ఆఫీసు అంటారు, ఆమెను అందరి మేడం అంటారు. కొందరు ప్రేమగా అంటారు, కొందరు వెటకారంగా. ఆ ఆఫీసులోకి అడుగుపెట్టగానే ఎదురుగోడ మీద నిలువెత్తు పోస్టరు: కెప్టెన్ నవ్వుతూ ఒక కొత్త కుర్రాడి భుజం మీద చెయ్యేసి ఉంటాడు. ఆ ఫొటో తీయించింది ఆమే. లెక్కల్లో చురుకైన ఈ కుర్రాడికి, లెక్కలోడు అని అందరూ పిలిచే వీడికి, ఏరి కోరి కెప్టెన్ని తోడిచ్చిందీ ఆమే.

డాక్టరు వచ్చి ఎక్సరే ఫిల్మును కిటికీ వెలుగులో పట్టి చూపించాడు. వేళ్ళెముకలు నలిగిన సుద్దముక్కల్లా ఉన్నాయి. పెన్ను పట్టుకోగలడా అంటే ఇప్పుడే చెప్పలేమన్నాడు.

"పోలీసు స్టేషనుకి వెళ్దాం మేడం," అన్నాడు లెక్కలోడు. "మీరు వస్తే వాళ్ళు రాసుకుంటారు. నేనొక్కణ్ణీ వెళ్తే బయటే కూర్చోబెడతారు."

"వెళ్దాం," అంది. చెప్పడం అయితే చెప్పింది. లేచేటప్పుడు మాత్రం వీసీగారితో ఒక మాట చెప్పి వెళ్దామని కూడా అంది. ఆ రెండో మాట వినగానే వాడు మొహం గోడవైపుకి తిప్పుకున్నాడు.

ముందు హాస్టలుకి వెళ్ళింది. గది తలుపు ఓరగా తీసి ఉంది. బందుల దగ్గర చెక్క మీద నెత్తురు ఎండి నల్లబడింది, దానికి చర్మం పేలిక అంటుకుని ఉంది. కింద గచ్చు మాత్రం తళతళలాడుతోంది. ఎవరో శ్రద్ధగా కడిగారు, తలుపు సంగతి మరిచిపోయారు. అదే గదిలో ఉండే ఇద్దరు మంచాల మీద బుద్ధిగా కూర్చుని ఉన్నారు.

"మీరెక్కడున్నారప్పుడు?"

"ఇక్కడే మేడం," అన్నాడొకడు. పక్కవాడు మోచేత్తో పొడవగానే సర్దుకున్నాడు. "అంటే, చెవుల్లో పాటలు పెట్టుకున్నాం."

"ఎదురు గదివాళ్ళు?"

"వాళ్ళూ పాటలే అనుకుంటా మేడం."

ఆ పూట హాస్టలు హాస్టలంతా సంగీతంలో మునిగి తేలిందన్నమాట. ఆమె నడవాలోకి వచ్చి నిలబడి అటూ ఇటూ చూసింది. అన్నీ తలుపులే. ఇంతమందిలో ఒక్కడంటే ఒక్కడు లేచి రాలేదా అనుకుంది. అప్పుడు తట్టింది. లేచి వచ్చేవాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళను ఇక్కణ్ణించి తీసేసింది తనే.

ఇదివరకు తన విభాగం పిల్లలందరూ పాత బ్లాకు పై అంతస్తులో ఒక్కచోట ఉండేవారు. ఎవరికైనా జ్వరమొస్తే పదిమంది గుమ్మంలో నిలబడేవారు. ఒకణ్ణి ఎవరైనా తోస్తే అంతస్తంతా మెట్లు దిగి వచ్చేది. మిగతా హాస్టలు ఆ అంతస్తుకి ఏదో పేరు పెట్టి నవ్వుకునేది. ఆ నవ్వు విని ఆమెకి ఒళ్ళు మండింది. వేరుగా ఉంటే వేరుగానే చూస్తారు, అందరిలో కలవాలి అంది. ఒక గదికి ఒక్కరు అని రూలు పెట్టి, పిల్లల్ని అన్ని బ్లాకుల్లోకీ చల్లేసింది. దానికి కలబోత అని ముద్దుపేరు కూడా పెట్టుకుంది. కలబోతకి బహుమతి వచ్చింది, మిగతా యూనివర్సిటీల వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. ఏ గదిలో చూసినా వాళ్ళ పిల్లవాడు ఒక్కడే ఉంటాడని, కొట్టదలచుకున్నవాడికి అంతకంటే వీలు ఇంకేం కావాలని, చూడవచ్చినవాళ్ళలో ఒక్కరికీ తోచలేదు. ఆమెకీ తోచలేదు.

వీసీగారు బత్తాయి ఒలుచుకుంటున్నారు. తొక్క ఎక్కడా తెగకుండా ఒకే చుట్టుగా తీయడం ఆయనకి సరదా. ఆమె చెప్పిందంతా విని, తొక్కని పళ్ళెంలో జాగ్రత్తగా పెట్టి అన్నారు:

"ఘోరం. నేను కాదనట్లేదు. కానీ తనిఖీ బృందం ఊళ్ళోకి వచ్చేసింది కదమ్మా. ముఖ్యంగా మీ విభాగం చూడ్డానికే వచ్చారు. ఇప్పుడు పోలీసు జీపొచ్చి గేటు దగ్గరాగితే ఏం బావుంటుంది?"

"వేళ్ళు నుజ్జునుజ్జయ్యాయి సార్."

"వైద్యం మనమే చేయిద్దాం. కుర్రవాళ్ళన్నాక కొట్టుకుంటారు. అయినా మీ బల్ల ఉందిగా? ఎన్ని గొడవలు తీర్చారు దానిమీద! తనిఖీవాళ్ళ ముందే కూర్చోబెట్టండి. వాళ్ళకీ మీ పద్ధతి చూసినట్టుంటుంది."

ఆ బల్ల ఆమె ప్రాణం. గుండ్రటి బల్ల, పెద్ద కుర్చీ చిన్న కుర్చీ అని తేడా ఉండదు. మధ్యలో నున్నటి నల్లరాయి, అరచెయ్యి నిండేంత. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, నిజమే మాట్లాడాలి. మిగతావాళ్ళు, వీసీ అయినా సరే, నోరు మెదపకూడదు. పిల్లలు దాన్ని మాట రాయి అంటారు. బాధపడినవాడి చేతికి ముందు ఇస్తారు. ఆమె మాత్రం తప్పు చేసినవాడి పక్కన కూర్చుంటుంది. వాడు ఒంటరివాణ్ణయిపోయానని బెదిరిపోకూడదని, బెదిరినవాడు నిజం చెప్పడని, ఆమె పద్ధతి. చివర్లో ఇద్దరూ చేతులు కలుపుతారు, ఫొటో తీస్తారు.

"చూద్దాం సార్," అంది నీళ్ళు నములుతూ. బయటికొచ్చాక, చేతులు కలపడానికి ఆ కుర్రాడికి చెయ్యేదీ అని గుర్తొచ్చి, మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడింది.

మర్నాడు మధ్యాహ్నం హాస్టలు కాపలా పెద్దాయన ఫోన్ చేశాడు. "అమ్మా, మీ పిల్లలు మంచాలు లాగేస్తున్నారు. మీరు బేగి రండి," అన్నాడు. వెనకాల ఇనుము గచ్చు మీద గీరుకుంటున్న చప్పుడు వినిపించింది.

ఆమె వెళ్ళేసరికి పాత బ్లాకు మెట్ల నిండా మంచాలు. అన్ని బ్లాకుల్లోంచీ పిల్లలు తమ తమ ఇనుప మంచాలు మోసుకుని పై అంతస్తుకి ఎక్కిస్తున్నారు. చేతికి కట్టుతో లెక్కలోడూ ఉన్నాడు. ఎడమచేత్తో ఒక మంచం కోడు పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతున్నాడు.

"నిన్నెవరు రమ్మన్నారు ఆసుపత్రినించి?"

"ఇవాళ ఇంకొకణ్ణి కొట్టారు మేడం. వాడి రూములో వాడొక్కడే. మేమందరం పైనే పడుకుంటాం."

"రూలుంది కదా బాబూ," అంది. ఆ మాట నోట్లోంచి వచ్చాకే దాని రుచి తెలిసింది. వాడు మంచాన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు.

అప్పుడే కిందనుంచి సీనియర్లు వచ్చారు. వాలీబాల్ నెట్టు కట్టే గొట్టాలు పట్టుకుని వచ్చారు. ముందు కెప్టెన్. ఆమెని చూసి ఎప్పటిలాగే తల వంచి నమస్కారం పెట్టాడు. "మీరు పక్కకి రండి మేడం, దెబ్బ తగుల్తుంది," అన్నాడు ఎంతో మర్యాదగా. ఆపైన గొట్టం ఎత్తి, మంచం మోస్తున్న మొదటివాడి నడుం మీద కొట్టాడు.

మంచం చేతులు జారి మెట్ల మీదుగా దొర్లింది. దాని కింద ఒకడి కాలు పడింది. పైనున్నవాళ్ళు కిందకి దూకారు, కిందున్నవాళ్ళు పైకి ఎగబడ్డారు. ఇరుకు మెట్ల మీద ఎవరి చెయ్యెక్కడుందో తెలియకుండా కొట్టుకున్నారు. ఒకడి తల గోడకి కొట్టుకుని గోడ మీద తడి మరక మిగిలింది. ఒకడు నోరు మూసుకుని పక్కకి వచ్చి పళ్ళు అరచేతిలోకి ఉమ్ముకున్నాడు. కాపలా పెద్దాయన "ఒరేయ్, ఒరేయ్" అంటూ మధ్యలోకి వెళ్ళాడు. గొట్టం నెత్తిన పడి, టోపీ ఒకవైపు ఆయనొకవైపు కూలిపోయారు. ఆమె ఆగండి అని అరిచింది. శిక్షణ తరగతుల్లో అలవాటైన గొంతు అది, హెచ్చదు, తగ్గదు, అందరికీ వినబడుతుంది. ఆ రోజు ఎవరికీ వినబడలేదు. భుజం మీద దెబ్బ పడి ఆమె గోడకి జారగిలబడింది. ఎవరు కొట్టారో కూడా చూడలేదు.

చూసింది వేరే. మెట్ల మలుపు దగ్గర కెప్టెన్ లెక్కలోడి గుండెల మీద మోకాలు వేసి కూర్చున్నాడు. కట్టు కట్టిన చేతిని గచ్చుకేసి అదిమిపట్టాడు. రెండో చేత్తో గొట్టం ఎత్తుతున్నాడు. అతని మొహంలో కోపం కూడా లేదు. మేకు ఎక్కడ కొట్టాలో చూసుకునేవాడిలా గురి చూసుకుంటున్నాడు.

విరిగిన మంచం పట్టీ ఒకటి ఆమె చేతికి దొరికింది. రెండు చేతులా పట్టుకుని అతని మోకాలి మీద కొట్టింది. టప్‌మని చప్పుడైంది. అతను పక్కకి పడి, గొట్టం వదిలేసి, ఆమెకేసి చూశాడు.

"మేడం!" అన్నాడు అన్యాయమైపోయిన పసివాడిలా.

అక్కడితో ఆగొచ్చు. గొట్టం దొర్లిపోయింది, అతను లేవలేడు, లెక్కలోడు పాకుతూ గోడ దగ్గరికి చేరుకున్నాడు. ఆమె పట్టీ మళ్ళీ ఎత్తి అదే మోకాలి మీద ఇంకొకటి కొట్టింది. ఒళ్ళంతా హాయిగా ఉంది. ఆ హాయికి తనే జడుసుకుని పట్టీని కింద పారేసింది.

సాయంత్రం ఇంట్లో తల్లి ఆమె చొక్కా చెయ్యి పైకి మడిచి భుజానికి మందు రాస్తోంది. తోలు కమిలి వంకాయ రంగుకి తిరిగింది. తల్లికి చూపు మందగించింది గానీ వేళ్ళకి అన్నీ తెలుస్తాయి.

"దెబ్బ తిన్నది సరే, నీ అరచేతులు ఎందుకు కొట్టుకుపోయాయే?"

"మంచం పట్టీ పట్టుకున్నానమ్మా."

"ఊరికే పట్టుకున్నావా?"

ఆమె అరచేతులు వెనక్కి లాక్కుంది.

"కొట్టావన్నమాట," అంది తల్లి, మందు సీసా మూత బిగిస్తూ. "ఎలా ఉంది?"

"బావుంది. అదేనమ్మా నా భయం."

తల్లి ఏదో అనబోతుంటే ఫోన్ మోగింది. వీసీగారు. గొంతు మరీ మెత్తగా ఉంది. "భుజం ఎలా ఉందమ్మా? కెప్టెన్ మోకాలు కూడా దెబ్బతింది పాపం. ఎలా తగిలిందో నేనడగలేదు. వాళ్ళ నాన్నగారు అడుగుతున్నారు, మెట్ల మీద పడ్డాడని చెప్పాను. రేపు బల్ల దగ్గర అందరం చేతులు కలుపుకుంటే ఎవరికీ ఏ చిక్కూ ఉండదు. పోలీసులే వస్తే మంచాలు లాగిన పిల్లలందరూ కేసులో ఇరుక్కుంటారు, హాస్టలు సీట్లు పోతాయి. మీ ఉద్యోగం సంగతి నేను నోటితో అనక్కర్లేదు. మీకు తెలియందేముంది?"

"తెలుసు సార్," అని ఫోన్ పెట్టేసింది.

"ఏమంటాడే?" అంది తల్లి.

"నేను కొట్టింది ఆయన మరిచిపోతాడట. ఆ పిల్లాడి వేళ్ళు నన్ను మరిచిపొమ్మంటున్నాడు."

"మరిచిపోతావా?"

"ముప్పొద్దులా తిండి పెట్టే ఉద్యోగమమ్మా ఇది. నీ మందులు, ఇంటద్దె అన్నీ అందులోంచే."

"నా మందుల ఊసెత్తకు," అంది తల్లి కటువుగా. "నీ పిరికితనానికి నన్ను అడ్డుపెట్టుకుంటే ఊరుకోను." అని చెయ్యి తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పొద్దున్నే బల్ల సిద్ధమైంది. నీళ్ళ గ్లాసులు, పువ్వులు, మధ్యలో నల్లరాయి. తనిఖీ బృందం పెద్దావిడ, ఆవిడ సహాయకుడు ఒకపక్క కూర్చున్నారు, వాళ్ళ పక్కన వీసీగారు. కెప్టెన్ మోకాలికి పట్టీ కట్టుకుని, ఊతకర్ర కుర్చీకి ఆనించి, బుద్ధిగా చేతులు ముడుచుకున్నాడు. ఆమె అలవాటు చొప్పున వెళ్ళి అతని పక్కన కూర్చుంది. ఎదురుగా లెక్కలోడు, వాడికి అటూ ఇటూ ఖాళీ కుర్చీలు. ఫొటో తీసే మనిషి తలుపు దగ్గర నిలబడి ఆవులిస్తున్నాడు. నెత్తి పగిలిన కాపలా పెద్దాయన్ని ఎవరూ పిలవలేదు.

ఆమె రాయిని లెక్కలోడి ముందుకి జరిపింది.

వాడు ఎడమచేత్తో తీసుకున్నాడు. బరువు చూసుకుంటున్నట్టు చేతిలో కాసేపు ఆడించాడు. ఏమీ మాట్లాడలేదు. అందరూ ఎదురుచూశారు. వాడు కెప్టెన్ మొహంకేసి చూస్తూ అలాగే కూర్చున్నాడు. కెప్టెన్ మొదట ఓదార్పుగా నవ్వాడు, కాసేపటికి ఆ నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలియక నీళ్ళు తాగాడు. ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. వీసీగారు గొంతు సవరించుకుని, "బాబూ, మొహమాటపడకు" అనబోయారు.

"రాయి అబ్బాయి దగ్గరుందండీ," అంది తనిఖీ పెద్దావిడ, పద్ధతి బాగా చదువుకుని వచ్చిన మనిషి. వీసీగారు నోరు మూసుకున్నారు.

రాయి చుట్టూ వాడి వేళ్ళు బిగిశాయి. కణుపులు తెల్లబడ్డాయి. చెయ్యి బల్ల మీంచి కొంచెం లేచింది. ఆమె అది చూసింది, కదల్లేదు. కాసేపటికి ఆ చెయ్యి దిగింది. వాడు వంగి, రాయిని బల్ల మీదుగా తోసి, ఆమె ముందు ఆపాడు.

"మీరు చెప్పండి మేడం," అన్నాడు.

రాయి వెచ్చగా, చెమటతో తడిగా ఉంది. ఆమె దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుంది. కొట్టుకుపోయిన అరచేతులు మండాయి.

"నా పక్కన కూర్చున్న కుర్రాడు మెట్ల మీంచి పడలేదు," అంది. "నేను కొట్టాను. రెండుసార్లు కొట్టాను. మొదటి దెబ్బ ఇతన్ని ఆపడానికి. రెండో దెబ్బకి అవసరం లేదు. కోపంకొద్దీ కొట్టాను."

ఊతకర్ర జారి కింద పడింది. ఎవరూ తీయలేదు.

"మేడం, మీరు బాగా అలిసిపోయారు," అన్నారు వీసీగారు.

"రాయి నా దగ్గరుంది సార్." ఆమె రాయిని ఇంకా గట్టిగా పట్టుకుంది. "ఎదుటి కుర్రాడి చెయ్యి తలుపులో పెట్టి విరగ్గొట్టింది ఇతను, ఇతని స్నేహితులు. ఆ గదిలో ఇద్దరు చూస్తూ కూర్చున్నారు. వీడికి సాయం వచ్చేవాళ్ళు లేకపోవడానికి కారణం నేను. ఒక గదికి ఒక్కరని చల్లింది నేనే. దానికి నాకు బహుమతి ఇచ్చారు, అదిగో, ఆ బీరువాలో ఉంది. నిన్న మంచాలు జరపమని పిల్లలకి చెప్పిందీ నేనే. సీటు తీసేయాలంటే ముందు నా కుర్చీ తీసేయండి."

ఆఖరి మాట అబద్ధం. రాయి పట్టుకుని అబద్ధమాడిన మొదటి మనిషి ఆమే. లెక్కలోడు తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు.

"ఇప్పుడు మేమిద్దరం పోలీసు స్టేషనుకి వెళ్తున్నాం. నా మీద ఇతను కూడా ఫిర్యాదు ఇవ్వాలి. మోకాలు నొప్పిగా ఉంటే నా కారులోనే రమ్మనండి."

కెప్టెన్ వీసీగారికేసి చూశాడు. వీసీగారు పువ్వులకేసి చూస్తున్నారు. తనిఖీ పెద్దావిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఆ ఇద్దరు పిల్లల్ని పిలిపించండి, గదిలో ఉన్నవాళ్ళని," అంది. ఫొటో తీసే మనిషి కెమెరాని మెల్లగా సంచీలో పెట్టేసుకున్నాడు.

కారెక్కడానికి ఎవరూ రాలేదు. కెప్టెన్ రాడని రూఢి అయ్యాక నడిచే వెళ్దామన్నాడు లెక్కలోడు, స్టేషను మలుపు తిరిగితేనే. ఎండ చురుక్కుమంటోంది. రోడ్డు నిండా జనం, సైకిళ్ళు, దుకాణాల ముందు దింపుతున్న పెట్టెలు. ఆమెకి నెల తిరిగితే ఇంటద్దె ఎలాగా అని ఒకపక్క గుబులు, ఇంకోపక్క ఎన్నాళ్ళనుంచో బిగపట్టిన ఊపిరి వదిలినట్టుగా ఉంది. గేటు దాటాక చూసుకుంటే రాయి ఇంకా చేతిలోనే ఉంది.

"ఆఫీసు సామాను మేడం అది," అన్నాడు లెక్కలోడు. రెండు రోజుల్లో వాడు వేసిన మొదటి హాస్యం. చిట్లిన పెదవి సాగి నొప్పెట్టి, చేత్తో పట్టుకున్నాడు.

కొంతదూరం నడిచాక వాడే మళ్ళీ అన్నాడు, "దాన్ని వాడి మొహాన కొడదామనే తీసుకున్నాను మేడం."

"చూశాను. మరెందుకు ఆగావు?"

"ఎడమచెయ్యి కదా, గురి కుదరదు," అన్నాడు వాడు, దారికేసి చూస్తూ. "మీరేమో వాడి పక్కనే కూర్చున్నారు."

ఎదురుగా పెట్టెల బండి ఒకటి జనాన్ని తోసుకుంటూ వస్తోంది. ఆమె రాయిని సంచీలో వేసుకుని, వాడి వెనకనుంచి చుట్టూ తిరిగి, కట్టు ఉన్న చేతివైపుకి వచ్చి నడవసాగింది.